పట్టణ వీథులలోని బాలురకు వలసిన దేమి?

ఇటీవల వార్తాపత్రికను విప్పినపుడెల్ల మన విజయవాడ సంగతులలో ఒక మాట తఱచుగా కానవచ్చుచున్నది. అది ‘బ్లేడు బ్యాచి’ అను మాట. చేత బ్లేడు పట్టి, దారిని పోవువారిని బెదరించి, సెల్‌ఫోనులును సొమ్మును లాగికొను ముఠాలకు జనులు పెట్టిన పేరిది. దానికి జోడుగా గంజాయి అను మాటయు వచ్చును. ఆ వార్తలలో అచ్చైన వయస్సులను చూచినపుడు మాత్రము మనస్సు కలుక్కుమనును. పందొమ్మిది, పదునెనిమిది, ఒక్కొక్కప్పుడు పదునాఱు! అనగా మన పదవ తరగతి విద్యార్థులకంటె ఒకటి రెండేండ్లు పెద్దవారు. వీరు ఏ పరదేశమునుండియో దిగినవారు కారు. కాలువగట్టులమీద, కొండవాలు ఇండ్లలో, రైలు పట్టాల వెంబడి పెరిగినవారు. ఏదో యొక బడి బల్లలమీద అయిదవ తరగతి వఱకో ఎనిమిదవ తరగతి వఱకో కూర్చుండి, ఒకనాడు లేచిపోయి, మరల రానివారు.

ఇట్టి బాలురను గూర్చి ఏమి చేయవలయునని అడిగినచో పెద్దలు సాధారణముగా మూడుపాయములు చెప్పుదురు: బెదరించుట, బోధించుట, అందఱిని ఒకచోట చేర్చి కనిపెట్టుకొని యుండుట. మూడును మంచి మనస్సుతో చెప్పునవే. మూడును లోకములో పరీక్షింపబడినవే. ఆ పరీక్షలో అవి నిలువలేదు. నిలిచినది వేఱొకటి కలదు. అది మిక్కిలి సాదా విషయము. కూలి గల పని, ఆ పని ప్రక్కన విడువక నిలుచు ఒక పెద్ద మనిషి. ఇంతే. దీనిని గూర్చి మా పాఠశాలకు సంబంధించిన విద్యార్థులయొక్కయు తల్లిదండ్రులయొక్కయు ఉపాధ్యాయులయొక్కయు ఎదుట కొన్ని మాటలు పెట్టదలచితిమి. ఇది ఊరక చదివి మడిచిపెట్టుటకు వ్రాయుచున్నది కాదు. మన పాఠశాల వాకిలిని గూర్చి మాకొక మనవి కలదు. దానిని తరువాత విన్నవించెదము.

ముందుగా బెదరింపు సంగతి చూతము. అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములో రావే అను చోట ఒక పెద్ద చెఱసాల కలదు. 1970 తరువాతి దశకములో అచటి యావజ్జీవ ఖైదీలు కొందఱు ఒక యోచన చేసిరి. దారితప్పుచున్న బాలురను చెఱసాలలోనికి రప్పించి, తమ బ్రతుకెట్లున్నదో ముఖముమీద అఱచి చెప్పినచో వారు భయపడి మారుదురని వారి తలంపు. దీనిపై 1978లో తీసిన చలనచిత్రమునకు ఆస్కార్ బహుమానము వచ్చినది. దేశమంతట దానిని అనుకరించిరి. చూచువారికి అది ఎంతో తృప్తికరమైన దృశ్యము: నిక్కినీలిగిన కుఱ్ఱవాడు కన్నీరు పెట్టుకొనును. తరువాత పండితులు ఇట్టి కార్యక్రమములపై జరిగిన తొమ్మిది ప్రయోగములను కూర్చి పరిశీలించిరి. చెఱసాల చూపబడిన బాలురు, చూపబడని బాలురకంటె ఎక్కువగా నేరములు చేసిరని తేలినది. ఏమియు చేయక ఊరకుండుటయే వారికి మేలుగా నుండెడిది! భయపడిన కుఱ్ఱవాడు తన వీథికి తిరిగివచ్చి చెప్పుకొనునది తన భయమును గూర్చి కాదు, తాను చెఱసాల చూచి వచ్చితినను గొప్పను గూర్చి. ఈ వయస్సు వారితో పరిచయము గల యుపాధ్యాయుడెవ్వడును దీనికి ఆశ్చర్యపడడు.

మన తెలుగు నాట ఈ పద్ధతి వేఱు రూపమున నడచుచున్నది. హైదరాబాదు పాతబస్తీలో 2015 ప్రాంతమున ‘ఆపరేషన్ చబుత్రా’ యను పేర, అర్ధరాత్రి అరుగులమీద కూర్చుండు యువకులను పోలీసువారు పట్టుకొనిపోయి, తల్లిదండ్రులను రప్పించి, వారి యెదుట హితవు చెప్పి పంపిరి. రాత్రివేళ పిల్లవాడెచట నున్నాడో తండ్రికి తెలియుట మంచిదే. పోలీసువారు కొట్టక, కేసు పెట్టక పంపుట యింకను మంచిది. కాని మఱునాటి రాత్రి ఆ యువకుడు ఎచ్చట కూర్చుండవలయును? పది మంది నివసించు ఒంటిగది యింటిలో అతనికి చోటు లేదు గనుకనే అరుగు అతనికి చావడి యైనది. అరుగు మీదనుండి లేపుట సులభము. లేపిన వానికి చూపుటకు మన చేతిలో వేఱొక చోటు ఉండవలదా?

ఇక బోధనయు, మంచితనమును. ఇవి కూడ చాలవనిన పాఠకులలో పెక్కుమందికి, విశేషించి సేవాకార్యములందు జీవితము గడిపిన వారికి, కష్టముగా తోచవచ్చును. అందుచేత ఈ సంగతిని కొంచెము నిదానముగా చెప్పెదము.

బోస్టన్ నగరమునకు చేరువ నున్న కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను పట్టణములలో రిచర్డ్ క్లార్క్ కాబట్ అను వైద్యుడొకడు గొప్ప ప్రయత్నమునకు పూనుకొనెను. పేద పేటలలోని 506 మంది బాలురను ఎన్నుకొని, వయస్సు, కుటుంబము, స్వభావము మొదలగువానిలో సమానులైన వారిని జతలుగా కూర్చి, ప్రతి జతలో ఎవరికి సహాయము చేయవలెనో నాణెమెగురవేసి నిర్ణయించిరి. 1939లో పని ప్రారంభమైనది. ఒక్కొక్క బాలునికి ఒక సలహాదారుడు. అతడు నెలకు రెండు సారులు ఇంటికి వచ్చును. చదువులో వెనుకబడినవానికి పాఠము చెప్పించును. జబ్బుపడినచో వైద్యునికడకు గొనిపోవును. వేసవిలో శిబిరములకు పంపును. ఇట్లు సగటున అయిదేండ్లకు పైగా సాగి 1945లో ముగిసినది. ఇంతకంటె శ్రద్ధగా చేసిన సేవ మనకు కానరాదు.

ముప్పది యేండ్లు గడచినవి. జోన్ మెకార్డ్ అను పండితురాలు ఆ బాలురను, అప్పటికి నడివయస్సు వచ్చిన పురుషులను, వెదకి వెదకి పట్టుకొని విచారించి 1978లో తన నివేదిక ప్రకటించెను. సహాయము పొందినవారిలో మూడింట రెండు వంతులకు పైగా తమకు మేలు కలిగినదని చెప్పిరి. సలహాదారులను ప్రేమతో తలచుకొనిరి. కాని లెక్కలు వేఱుగా పలికినవి. సహాయము పొందినవారే ఎక్కువగా రెండవసారి నేరము చేసిరి. త్రాగుడు లక్షణములు వారిలోనే అధికము. చిన్న వయస్సున చనిపోయినవారును వారిలోనే అధికము. ఏ ఒక్క కొలతలోను సహాయము పొందినవారు సహాయము పొందనివారికంటె మెఱుగుగా లేరు. నాణెము బొమ్మపడెనా బొరుసుపడెనా యను దానిపై ఒక మనిషి ఆయుర్దాయము తగ్గినదన్నమాట.

ఇది చదివినపుడు మాలో కొందఱు, ఐనచో సేవయే మానవలెనా యని అడిగిరి. కాదు. 1999లో మెకార్డ్ మఱిద్దఱు పండితులతో కలిసి ఆ పాత కాగితములను మరల తిరుగవేసినపుడు కీడు ఎచట దాగియున్నదో కనబడినది. ఒకటికంటె ఎక్కువ వేసవులు శిబిరములకు పంపబడిన బాలురే మిక్కిలిగా చెడిరి. అనగా, దారితప్పు బాలురను తల్లిదండ్రుల కన్నులకు దూరముగా ఒకచోట కూడబెట్టినచో, పెద్దలు చెప్పు పాఠము వారికి ఎక్కదు. ఒకరినుండి ఒకరు నేర్చుకొను పాఠము ఎక్కును. రాత్రి దీపములార్పిన పిదప తన అల్లరిని వర్ణించి చెప్పి పది మందిని నవ్వించినవాడు ఆ గుంపులో నాయకుడగును. హాస్టలులో నుండి చదివిన ఏ విద్యార్థికైనను ఇది పుస్తకము చూచి తెలిసికొనవలసిన విషయము కాదు.

కాబట్టి ‘చెడ్డ పిల్లల కొఱకు’ అని బోర్డు కట్టి చేయు కార్యక్రమములందు మాకు నమ్మకము లేదు. ఆ పేరే మొదటి కీడు.

మఱి నిలిచినదని చెప్పితిమే, అది యేది? దానికై చికాగో నగరమునకు పోవలయును. ఈ ప్రశ్న ఆ నగరమునకు క్రొత్తది కాదు. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అను ఇద్దఱు స్త్రీలు వలసకూలీలు క్రిక్కిఱిసిన పేటలో ఒక పాత మేడను తీసికొని, హల్ హౌస్ అను పేర అచటనే కాపురముండి, ఇరుగుపొరుగువారికి తలుపులు తెఱచిరి. వారు సభలు పెట్టి ఉపన్యాసములు మాత్రము ఇచ్చి యూరకుండలేదు. ఆటస్థలము, పనిముట్ల గదులు, బాలుర క్లబ్బు, సంగీత మేళము ఏర్పఱచిరి. పండ్రెండుగురు సంతానము గల ఒక పేద దర్జీ ఇంటి పిల్లవాడు ఆ క్లబ్బు మేళములో చేరి క్లారినెట్ ఊదెను. అతడే తరువాత లోకప్రసిద్ధుడైన బెన్నీ గుడ్‌మన్. హల్ హౌస్ స్త్రీలు పాటుపడుట వలననే 1899లో చికాగోలో బాలురకు వేఱుగా న్యాయస్థానము వెలసినది. దాని వెలుతురు మన వఱకును వచ్చినది: మద్రాసు రాజధాని 1920లో బాలల చట్టము చేసెను, అప్పుడు మన విజయవాడ ఆ రాజధానిలోనిదే. హల్ హౌస్ సంఘము ధనములేక 2012 జనవరిలో మూతపడినది. సేవాసంస్థలు సైతము అప్పులపాలై కన్నుమూయునని మన ధర్మకర్తలు గుర్తుంచుకొనవలెను.

ఆ 2012 వేసవిలోనే అదే నగరమున ఒక ప్రయోగము జరిగినది. హింస ప్రబలిన పేటలలోని 13 ఉన్నత పాఠశాలలనుండి 1,634 మంది విద్యార్థులు దరఖాస్తు పెట్టిరి. చీట్లు వేసి 730 మందికి పని యిచ్చిరి, తక్కినవారికి ఈయలేదు. పని ఎనిమిది వారములు మాత్రమే. వారమునకు ఇరువదియైదు గంటలు. సాధారణ కనీస కూలి. చిన్నపిల్లల వేసవి బడులలో సహాయము, పేటలోని తోటపని, ఆఫీసులలో గుమాస్తాపని, ఇట్టివే. ప్రతి పదిమందికి సుమారుగా ఒక పెద్ద, పనికి వేళకు వచ్చుట మొదలు యజమానితో మాటలాడుట వఱకు తోడుగా నుండును.

సారా హెల్లర్ అను పండితురాలు తరువాత పదునాఱు నెలల పోలీసు లెక్కలు తీసి చూచెను. పని దొరికినవారిలో హింసాయుత నేరములకై జరిగిన అరెస్టులు నూటికి నలువదిమూడు వంతులు తక్కువ. అందును విశేషమేమనగా, ఈ తగ్గుదలలో అధిక భాగము పని ముగిసిన తరువాతి నెలలలో కలిగినది. అనగా వేసవిలో తీరికలేక యూరకుండుట వలన వచ్చిన ఫలము కాదది. వారిలో ఏదో నిలిచినది. మఱొక సంగతి. పని దొరికినవారిని రెండు తెగలుగా చేసి, ఒక తెగకు వారమునకు ఇరువదియైదు గంటలు పనియే యిచ్చిరి. రెండవ తెగకు పదునైదు గంటలు పని, తక్కిన పది గంటలు కోపము నణచుకొనుట, ఆలోచించి నడుచుకొనుట మొదలగువానిపై పాఠములు. రెండు తెగలకును ఫలము ఇంచుమించు సమానమే. పది గంటల పాఠము చేసినంత పనిని పది గంటల తోటపని చేసినది. పాఠములు చెప్పి బ్రతుకువారమగు మాకు ఇది కొంచెము చేదుగనే యున్నది.

అతిశయోక్తి కూడదు గనుక కొఱతలను కూడ చెప్పెదము. దొంగతనముల వంటి నేరములలో ఇట్టి తగ్గుదల స్పష్టముగా కానరాలేదు. ఈ బాలురకు తరువాతి కాలమున ఉద్యోగములు ఎక్కువగా దొరికినవని కూడ తరువాతి పరిశీలనలు చెప్పలేదు. న్యూయార్కు నగరమున ఇట్టి వేసవి పనులను 2005 మొదలు 2008 వఱకు చీట్ల మూలమున పొందిన యువకుల లెక్కలు చూచినవారికిని సంపాదనలో నిలుకడయైన వృద్ధి కనబడలేదు. కాని పని దొరికినవారిలో చెఱసాలకు పోయినవారు తక్కువ, చనిపోయినవారును తక్కువ. జీతము పెరుగలేదు, ప్రాణము దక్కినది. ఈ రెండింటిలో ఏది ఘనమో ఒక తల్లిని అడిగినచో చెప్పును.

ఇట్లేల యగును? పండితులు ఇదమిత్థమని తేల్చలేదు. మాకు తోచినది మేము చెప్పెదము. పదునాఱేండ్ల బాలునికి ప్రపంచములో తన స్థానమేదియో తెలియవలెనను ఆకలి కడుపాకలికంటె తక్కువది కాదు. ముఠా ఆ స్థానము నిచ్చును; పేరు పెట్టి పిలుచును; రాకున్నచో ఏల రాలేదని అడుగును. మన ధర్మసభలు అడుగవు. పని అడుగును. ఎనిమిది గంటలకు రావలసినవాడు ఎనిమిదిన్నరకు వచ్చినచో అన్నా యని తాను పిలుచు ఒక పెద్ద వాకిట నిలిచి, ఏమిరా ఆలస్యమైనదని అడుగును. ఆ మాటలో అధికారము కలదు, అక్కఱయు కలదు. తిట్టినను మఱునాడు రమ్మనుచున్నాడు. నెల చివర కూలిడబ్బు అమ్మ చేతిలో పెట్టిన కుఱ్ఱవానికి ఇంటిలో మాట చెల్లును. ఎవరితోనైన తగవు వచ్చినపుడు, ఱేపు పనికి పోవలెనను తలంపు చేతిని పట్టి నిలుపును. ఇవి చిన్న సంగతులు. ఉపన్యాసములో ఇమడవు.

ఐతే ‘పని’ అను మాటను పట్టుకొని పదేండ్ల పిల్లవానిని షెడ్డులో పెట్టుటకు మా వ్యాసము సాక్ష్యము కాకూడదు. ఈ విషయమున మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషను వారు రంగారెడ్డి జిల్లాలో 1991 ప్రాంతమునుండి చేసిన పని తెలుగువారికందఱికిని పాఠము. బడి మానిన ప్రతి పిల్లయు బాలకార్మికుడే యని వారి సిద్ధాంతము. వారు పని మాన్పించిన పిల్లలను కొన్ని నెలలు శిబిరములలో చదివించి, వయస్సుకు తగిన తరగతిలో సాధారణ పాఠశాలకు చేర్చిరి. శిబిరమును గూర్చి పైన చెప్పినదానికి ఇది విరుద్ధము కాదు. ఇచ్చట శిబిరము బడికి దాటు వంతెన మాత్రమే. ఈ కృషికి శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే బహుమానము లభించినది. 2016లో సవరింపబడిన చట్టము ప్రకారము పదునాలుగేండ్ల లోపువారిని పనిలో పెట్టరాదు. ఇంటివారి వృత్తిలో బడి వేళలు దాటిన పిదప చేయు సాయమునకు మినహాయింపు కలదు. పదునెనిమిదేండ్ల లోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. కావున పదేండ్లవానికి వలసినది బడి. పదునాఱేండ్లవానికి వలసినది బడితోపాటు, లేక బడి దాటిన పిదప, కాపుదల గల పని. ఈ రెండింటిని కలగాపులగము చేయరాదు.

కాపుదల గల పని యనగా నేమి? దీనికి పాత నమూనా యొకటి కలదు. ఇటలీ దేశమున ట్యూరిన్ పట్టణములో జాన్ బాస్కో అను మతాచార్యుడు పల్లెలనుండి వచ్చి తాపీ పనిలోను వడ్రంగములోను చిక్కిన దిక్కులేని బాలురను చేరదీసెను. వారికి పని కొఱత లేదు. పని చెప్పువాడు కొట్టుట, ఇంటిచాకిరి చేయించుట, పని నేర్పకుండుట, ఇవి వారి కష్టములు. అందుచేత 1851, 1852 సంవత్సరములలో అతడు యజమానులతో వ్రాతపూర్వకముగా ఒడంబడికలు చేయించెను. వృత్తికి సంబంధింపని చాకిరి చేయింపరాదు, తప్పుచేసినచో మాటతో దిద్దవలెను గాని చేతితో కాదు, ఆదివారము సెలవు, పనితనము పెరిగినకొలది కూలి పెరుగవలెను. దానిపై యజమాని, బాలుడు, పెద్దలు చేవ్రాళ్ళు చేసిరి. ఆ సంఘమువారి నవజీవన్ బాలభవనము మన విజయవాడలోనే, రైలు దిగి దిక్కుతోచక నిలిచిన బాలుర కొఱకు, 1989లో స్థాపింపబడినది. మనకు మాదిరి కావలెనన్నచో సముద్రములు దాటనక్కఱలేదు.

మన ఆటోనగరులో వేలకొలది షెడ్డులు కలవు. లారీ బాడీ కట్టువారు, వెల్డింగు చేయువారు, సీట్లు కుట్టువారు, బ్యాటరీ బాగుచేయువారు, ఎన్ని వృత్తులు! అచట పనివారికి కొఱత యని యజమానులు చెప్పుచుందురు. వీథిలో పనిలేని బాలురు. రెండింటి నడుమ ఆటో చార్జీ ఇరువది ముప్పది రూపాయలు. కాని తెలియని కుఱ్ఱవానిని నమ్మి లోనికి రానిచ్చు యజమాని లేడు. ఇంత వఱకు మాట యిచ్చి తప్పని పెద్దను చూడని కుఱ్ఱవాడును నమ్మడు. ఈ నడుమ నిలువవలసినది ఎవరు? పాఠశాల. ఈ పట్టణములో రెండు వైపులవారును గౌరవించు స్థలము పాఠశాలవలె వేఱొకటి లేదు.

ఇక మా మనవి. మన పాఠశాల వాకిలి సాయంకాలము నాలుగున్నరకు మూయబడును. అటుపిమ్మట విశాలమైన ఆటస్థలము, చేతిపనుల గది, బెంచీలు, కుళాయి, దీపములు, అన్నియు కావలివానికి ఒక్కనికే. గోడకు అవతల సందులో పిల్లలు మురుగు కాలువ ప్రక్క క్రికెట్టు ఆడుదురు. బంతి లోపల పడినచో గోడ దూకి తెచ్చుకొందురు. దానికి తిట్లు తిందురు. ఈ వాకిలిని వారమునకు అయిదు దినములు ఎనిమిది గంటల వఱకు తెఱచి యుంచవలెనని మేము కోరుచున్నాము. మన విద్యార్థులును సందులోని బాలురును కలిసి ఆడవలెను, వేఱు జట్లుగా కాదు. పదునాఱేండ్లు నిండిన పండ్రెండుగురిని మాత్రము తొలియేట తీసికొని, చేతిపనుల గదిలో విఱిగిన బల్లలు బాగుచేయించి, గ్రంథాలయములోని చినిగిన పుస్తకములకు అట్టలు కట్టించి, చేసిన పనికి న్యాయమైన కూలి యీయవలెను. ఆఱు నెలల పిదప ఒక్కొక్కరిని ఒక్కొక్క షెడ్డులో, ఒక్కచోట ఇద్దఱిని మించకుండ, చేర్పించవలెను. వెల్డింగు వంటి ప్రమాదము గల పని పదునెనిమిదేండ్లు నిండినవారికే. ప్రతి బాలునికిని ట్యూరిన్ పద్ధతిని ఒక కాగితము. దానిపై యజమాని, బాలుడు, తల్లియో తండ్రియో, పాఠశాల తరపున ఒక ఉపాధ్యాయుడు చేవ్రాలు చేయవలెను. ఆ ఉపాధ్యాయుడు ఒక యేటితో మాఱరాదు.

వారి ఫొటోలు తీసి ఈ పత్రికలో వేయకుందుము గాక. వేసినచో వచ్చు సంవత్సరము ఏ బాలుడును రాడు.

తల్లిదండ్రులు ఏమందురో మేమెఱుగుదుము. ‘ఫీజులు కట్టి చదివించుచున్నాము, మా పిల్లవాని ప్రక్కన గంజాయి పీల్చువానిని కూర్చుండబెట్టుదురా?’ అందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. భయము న్యాయమైనదే. గంజాయి గోడకు అవతలనే నిలుచునదని అనుకొనుట మాత్రము న్యాయము కాదు. దానిని అమ్మువాడు యూనిఫారము చూచి వెనుకకు పోవువాడు కాడు. పైని చెప్పిన బోస్టన్ కథ భయపెట్టునది ఎవరిని? చిక్కుపడిన బాలురను అందఱినొక్కచోట చేర్చువారిని. మేము చెప్పునది దానికి సరిగా వ్యతిరేకము. నలువదిమంది క్రమమెఱిగిన పిల్లల నడుమ ఇద్దఱో ముగ్గురో, ఎదుట ఒక పెద్ద, నడుమ ఒక పని. ఐనను ఒకనాడు ఒక సెల్‌ఫోను పోవచ్చును; ఒక తగవు జరుగవచ్చును. అట్టిది జరుగనే జరుగదని మేము హామీ యీయలేము. ఇచ్చువారిని నమ్మవలదు.

ధర్మకర్తలు ఖర్చు సంగతి అడుగుదురు. దీపములకు, కావలివాని అదనపు జీతమునకు, పండ్రెండుగురి కూలికి ధనము కావలెను. ఏటేట వార్షికోత్సవ వేదికకును, పూలదండలకును, శాలువలకును అగుచున్న వ్యయము దీనికి ఎంత వఱకు చాలునో లెక్కచూడుడని మాత్రము విన్నవించెదము. మఱొక మాట: మొదలుపెట్టి ఒక యేటికే మానివేయునట్లైనచో మొదలుపెట్టవలదు. ఇంతకు పూర్వము ఎందఱో పెద్దలు మాట యిచ్చి తప్పిన బాలురు వీరు. వారి లెక్కలో మనము మఱొకరము కారాదు.

ఇంతసేపు బాలురు బాలురని వ్రాసితిమి. బాలికల మాట యేమని అడుగు హక్కు మా విద్యార్థినులకు కలదు. వీథిలో బాలిక కానరాదు. ఆమె అపాయము ఇంటిలోపలనే పెరుగును. పదవ తరగతి తప్పినదనగానే తమ్ముళ్ళను చూచుట, పాచిపని, ఆ వెనుక తొందరపాటు పెండ్లి. ఆమెకు వాకిలి తెఱచినంత మాత్రమున చాలదు. ఎవరో ఇంటికి పోయి తల్లిని అడిగి తీసికొని రావలెను. ఈ పనికి మన ఉపాధ్యాయినులే తగినవారు, కాని వారిపై నున్న పనిభారమును తగ్గింపక దీనిని కూడ నెత్తిన పెట్టుట న్యాయము కాదు. కుట్టుపని గదిని శనివారములందు వేఱుగా తెఱచుటకు వారితో ఆలోచించి, ఏర్పాటు చేయవలసియున్నది.

వచ్చు జూను మాసమున పాఠశాల తెఱచునాటికి ఈ సంగతి తేలవలెను. ఆటోనగరులోను, గవర్నరుపేటలోను షెడ్డులు, అచ్చుకూటములు, కుట్టు దుకాణములు గల మన పూర్వ విద్యార్థులు తమ పేరును, తాము నేర్పగల పనిని, ఏ వేళ రమ్మందురో ఆ వేళను ఒక చీటిపై వ్రాసి పాఠశాల ఆఫీసులో ఇయ్యగోరెదము. సాయంకాలము రెండు గంటలు కూర్చుండగల తల్లిదండ్రులు దినమును వ్రాసినచో చాలును. విద్యార్థులు చేయవలసినది ఒకటే కలదు. ఈసారి బంతి గోడదాటి లోపల పడినపుడు, అవతలివాడు దూకకముందే, వాని పేరేమో అడిగి బంతిని అందింపుడు.